గూడబాతూ, గబ్బిలమూ

వేసవి సెలవులు ఇచ్చే ముందు పిల్లలు వచ్చి, "మాస్టారూ, సెలవుల్లో ఏం చదవమంటారు?" అని అడగడం మా తెలుగు శాఖలో ఒక ఆనవాయితీ. అడిగిన పదిమందిలో తొమ్మండుగురు మర్యాదకి అడుగుతారు. నేనూ మర్యాదకే నాలుగు పేర్లు చెబుతాను. పూర్వం కాగితం మీద రాసుకునేవారు, ఇప్పుడు సెల్‌ఫోనులో ఎక్కించుకుంటున్నారు. జూన్ నెల వచ్చేసరికి ఆ పేర్లు వాళ్ళకీ గుర్తుండవు, నాకూ గుర్తుండవు.

మొన్న ఏప్రిల్లో మాత్రం ఒక అమ్మాయి అందరూ వెళ్ళేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది. "మాస్టారూ, భాగవతం మా ఇంటికి పట్టుకెళితే నాన్నగారు ఒప్పుకోరండీ. మేం విశ్వాసులమండీ," అంది. ఏదో తప్పు చేసినట్టు మొహం పెట్టి మరీ అంది.

నాకు నవ్వూ వచ్చింది, గుండెలో కలుక్కుమనీ అంది. యీ మాటే, యీ మొహంతోనే, 1998 ఏప్రిల్లో ఏలూరులో నేను మా మాస్టారితో అన్నాను.

అప్పుడు నేను బి.ఏ. మొదటి సంవత్సరం. కట్టమంచి రామలింగారెడ్డి గారి పేర 1945లో వెలసిన కాలేజీ. పవర్‌పేట స్టేషను వెనక ఇద్దరం కలిసి తీసుకున్న అద్దె గది. మా ఊరు కొల్లేట్లో ఒక లంక. మా నాన్న ఆ లంకలోనూ, పక్కనున్న మరి రెండు లంకల్లోనూ సంఘానికి ఉపదేశి. ఉపదేశి అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. పాదిరిగారు నెలకోసారి వస్తారు. మిగిలిన రోజులన్నీ ప్రార్థన నడపడం, పెళ్ళికీ చావుకీ నిలబడడం, పిల్లలకి పాటలు నేర్పడం ఉపదేశి పని. జీతం చెప్పుకోదగ్గది కాదు. గౌరవం మాత్రం వుంటుంది. ఆ గౌరవం కాస్తా పోతే ఇక మిగిలేదేమీ లేదు.

మాస్టారు నాకు మూడు పేర్లు రాసిచ్చారు. పోతన్నగారి భాగవతంలో గజేంద్రమోక్షం, ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి', గుర్రం జాషువాగారి 'గబ్బిలం'. నేను గొణిగిన మాట విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు క్లాసులో గ్రాంథికం చదివేటప్పుడు ఎక్కడా తడబడవు. మిగతావాళ్ళు మొదటి వాక్యంలోనే చతికిలపడతారు. నీకిది ఎక్కడ అబ్బిందిరా?"

"తెలీదండీ."

"ఇంటికెళ్ళి చూసుకో," అని, తన కార్డు మీదే జిల్లా గ్రంథాలయంలో పుస్తకాలు ఇప్పించారు.

ఇంటికెళ్ళి చూసుకుంటే మా ఇంట్లో వున్న పుస్తకాలు మూడు. బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, అట్టలు వూడిపోయిన 'యాత్రికుని ప్రయాణము'. అంతే. అయితే ఆ మూడింటినీ మా ఇంట్లో చదివినట్టుగా పండితుల ఇళ్ళలోనైనా పుస్తకాలు చదువుతారా అని నాకిప్పుడు అనుమానం.

తెలుగులో క్రొత్త నిబంధన 1818లో శ్రీరాంపురంలో అచ్చయింది. పూర్తి బైబిలు 19వ శతాబ్దం నడిమికి చేతికొచ్చింది. ఆ కాలానికి తెలుగు వచనమంటే గ్రాంథికమే. తరువాత గిడుగువారు వచ్చారు, వాడుక భాష గెలిచింది, పత్రికలు మారాయి, కథలు మారాయి, బడి పుస్తకాలు కూడా మారాయి. మా ఇంట్లో బైబిలు మాత్రం మారలేదు. అందుచేత మా లంకలో చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని కైకలూరు వెళ్ళే ఆడమనిషి కూడా ప్రార్థనకి మోకాళ్ళూనిందంటే, "ఏలయనగా" అనీ, "గనుక" అనీ, చిన్నయసూరి ఎదట నిలబడ్డట్టే మాట్లాడుతుంది. లేచి కొంగు దులుపుకోగానే మళ్ళీ మామూలు భాష. మా ఊళ్ళో ఇది ఎవరికీ వింతగా తోచదు.

ఇక కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చువేసి వుంటాయి. బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, క్రైస్తవుడై, తెలుగులో కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరిగారి పాటలు అందులో ఎన్నో వున్నాయి. మా మామ్మకి అక్షరం రాదు గాని అవన్నీ కంఠతా వచ్చు. ఆది తాళమంటే ఆదాము నాటి తాళమని ఆవిడ నమ్మకం. నేను ఎం.ఏ. ప్యాసయి వచ్చి చెప్పినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

రాత్రిపూట కరెంటు పోయేది. లాంతరు దగ్గర నేను బైబిలు చదవాలి, మామ్మ వినాలి. అది నాకు ఎనిమిదో ఏటినుంచీ వున్న కొలువు. మామ్మ ఎక్కువగా చదివించుకునేది 102వ కీర్తన. దిక్కులేని మనిషి మొర అది. అందులో ఆ మనిషి తనని గూడబాతుతో పోల్చుకుంటాడు. అక్కడికి వచ్చేసరికి మామ్మ ప్రతిసారీ ఆపేది.

"అదేంట్రా అబ్బాయా, గూడబాతు ఒంటరిదంటాడు? నా చిన్నప్పుడు కొల్లేటి మీద మందలు మందలుగా వాలేవి. నీళ్ళమీద ముగ్గు పోసినట్టుండేది."

"ఆ దేశంలో ఒంటరిగా వుంటాయేమో మామ్మా."

"ఇప్పుడు మన దేశంలోనూ అంతేలే," అనేది.

అది నిజమే. 1998 నాటికి బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసే నీళ్ళు పరుచుకోవడానికి చోటు లేకుండా కొల్లేరంతా చేపల చెరువుల గట్లే. మరుసటి సంవత్సరం, 1999లో, దాన్ని పక్షుల అభయారణ్యమన్నారు. 2006లో వచ్చి గట్లు పేల్చేశారు. మా ఊళ్ళో కొందరు ఏడ్చారు, కొందరు పండగ చేసుకున్నారు. ఇప్పుడు ఆటపాక వెళితే అటవీశాఖవారు నీళ్ళలో నిలబెట్టిన ఇనుప మంచెలమీద గూడబాతులు కాపురాలు చేస్తూ కనిపిస్తాయి. మామ్మ వుండివుంటే చూసి ఏమనేదో. ఆ కీర్తన రాసినాయన్ని ఒకసారి తీసుకొచ్చి చూపించమనేదేమో.

సరే, గజేంద్రమోక్షం సంగతి. మా నాన్న పక్క లంకలో ప్రార్థనకి వెళ్ళిన రాత్రి, మామ్మకి బైబిలు చదవడం అయ్యాక భాగవతం తీశాను. ఏనుగు, మడుగు, మొసలి. పద్యం చదవడం, అర్థం చెప్పడం. మామ్మ కాసేపు ఊరుకుని, "కొల్లేట్లో జలగల్ని చూశాను గాని మొసలి నేనెరగను," అంది. తరువాత కదల్లేదు. ఏనుగు బలం వుడిగి, అయినవాళ్ళంతా ఒడ్డునే వుండిపోయి, పిలవడానికి ఎవరూ మిగలక, వున్నాడో లేడో తెలియనివాణ్ణి పిలవడం మొదలుపెట్టిన చోట ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"యోనా ప్రవక్త చేప కడుపులోంచి చేసిన ప్రార్థన ఇలాగే వుంటాదిరా," అంది.

మా మాస్టార్లు, ఎం.ఏ. పాఠాలు, సమీక్షా గ్రంథాలు అన్నీ అయ్యాక కూడా గజేంద్రమోక్షం మీద ఇంత మంచి మాట నేను వినలేదు. మునిగిపోతున్నవాడి మొర వ్యాకరణం ఒకటేనని ఆవిడకి ఎవరు చెప్పారు? "ఇంకోసారి చదువు," అంది. ఉత్సాహం కొద్దీ గొంతెత్తి చదివాను. అదే కొంప ముంచింది. తాటాకు ఇళ్ళు, నడుమ గోడలు లేవు. పక్కింట్లోనే సంఘపెద్ద.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నాన్నని వేపచెట్టు కిందకి పిలిచి ఏదో అన్నాడు. నాన్న తల వంచుకుని విన్నాడు. ఆ తలవంపు నాకు కనిపించింది. ఇంటికొచ్చి నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం ముందు కూర్చుని, కలపకుండానే, "అది వాళ్ళ పుస్తకంరా. మనకెందుకు? ఏలూరులో ఇచ్చేసి, మీ మావయ్య దగ్గరికి వెళ్ళు. మేనెల్లో కాస్త చిల్లర చేతికొస్తుంది," అన్నాడు. కాసేపాగి, "డిగ్రీ అయ్యాక నిన్ను వేదపాఠశాలకి పంపుదామనుకున్నాను. ఇప్పుడు వాళ్ళు ఉత్తరం రాసిస్తారో లేదో," అన్నాడు.

నేను వేదపాఠశాలకి వెళ్ళనని, స్పెషల్ తెలుగు చదువుతానని చెప్పవలసిన సమయం అదే. చెప్పలేదు. సంచిలో మూడు పుస్తకాలూ పెట్టుకుని దోనె ఎక్కాను. ఏలూరులో దిగాను గాని గ్రంథాలయం వైపు పోలేదు. ప్యాసింజరు ఎక్కి దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు, బాదంపూడి అని స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ తాడేపల్లిగూడెంలో దిగాను.

మావయ్య అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమీషను కొట్లో గుమాస్తా. గూడెం ఉల్లి మార్కెట్టు సంగతి మా వైపు తెలియనివారుండరు. కర్నూలు సరుకు, మహారాష్ట్ర సరుకు లారీలకి లారీలు అక్కడే దిగుతాయి. నా పని బస్తాల లెక్క చీటీ మీద రాయడం. మొదటి రెండు రోజులు అయినవాళ్ళెవరో పోయినట్టు కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. మూడో రోజునుంచి ఉల్లికి కళ్ళు అలవాటు పడ్డాయి.

మధ్యాహ్నం ఎండకి పని ఆగేది. హమాలీలు బస్తాల నీడన తుండుగుడ్డలు పరిచి పడుకునేవారు. నేను బస్తాలెక్కి కూర్చుని 'మాలపల్లి' తీసేవాణ్ణి. "ఏంటల్లుడూ అది? పైకి చదువు, మేమూ వింటాం," అన్నాడు మావయ్య. అలా మొదలైంది. ఉన్నవవారు 1922 ప్రాంతంలో జైల్లో కూర్చుని రాసిన నవల అది. ప్రభుత్వం నిషేధించింది కూడా. దాన్ని 76 ఏళ్ళ తరువాత గూడెం హమాలీలు పడుకునే విన్నారు. నిజం చెప్పాలంటే నడుమ నడుమ వచ్చే వేదాంత చర్చలకి నిద్రపోయారు, నేనూ ఆవలించాను. ఆ భాగాలు తగ్గిస్తే పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. కాని సంగదాసు చావు చదివిన రోజు ఒక్కడూ నిద్రపోలేదు. ఒక ముసలి హమాలీ లేచి కూర్చుని, "మరి కేసెట్టారా?" అని అడిగాడు. నిన్న జరిగినట్టే అడిగాడు. నేను పేజీలు ముందుకి తిప్పి వెతుకుతున్నట్టు నటించాను.

'గబ్బిలం' మాత్రం పైకి చదవలేదు. అది నాకోసం దాచుకున్నాను. 1941లో వచ్చిన కావ్యం. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపితే, జాషువాగారి కథానాయకుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురంపుతాడు. అతను అంటరానివాడు, గుళ్ళోకి వెళ్ళనివ్వరు. గబ్బిలం వెళ్ళగలదు. గర్భగుడి కప్పుకి వేలాడినా దాన్ని అడిగేవాడు లేడు. పూజారి లేని సమయం చూసి దేవుడి చెవిన వెయ్యమంటాడు. ఆ రాత్రి మావయ్య వాళ్ళ డాబా మీద పడుకుని దీపం చుట్టూ తిరిగే పురుగుల్ని చూస్తూ తెల్లవార్లూ మేలుకునేవున్నాను.

జూన్ మొదటి వారంలో ఇల్లు చేరాను. బావి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి నాన్న నా సంచి విప్పి కూర్చున్నాడు. ఇల్లంతా ఉల్లి వాసన. భాగవతం, మాలపల్లి ఒక పక్కకి పెట్టివున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను. నాన్న చేతిలో 'గబ్బిలం' వుంది.

"జాషువాగారంటే మనవాళ్ళేగా? సంఘం పుస్తకమా ఇది?"

అవునని గాని కాదని గాని చెప్పడానికి నోరు రాలేదు. "హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలు ఆయనవే," అన్నాను.

నాన్న మొహం మారింది. ఆ పద్యాలు ఆయనకి వచ్చు. దోనె నడిపేటప్పుడు ఎవరూ లేరనుకుంటే పాడుకునేవాడు, నేను చిన్నప్పుడు విన్నాను. ఎవరు రాసినవో అంతవరకూ ఆయనకి తెలియదు. లాంతరు పట్టుకుని, పుస్తకం పట్టుకుని గట్టుమీదికి వెళ్ళిపోయాడు.

తెల్లవారుజామున నేను లేచి వెళితే అక్కడే వున్నాడు. లాంతరు ఆరిపోయి వుంది.

"నేను ఏడో తరగతిలో పోతన్న పద్యాలు బాగా చదివేవాణ్ణిరా," అన్నాడు, నీళ్ళకేసి చూస్తూ. "ఒకాయన, పేరెందుకులే, ఎంతో మెచ్చుకున్నాడు. ఎవరబ్బాయివి అని అడిగాడు. చెప్పాను. 'మీకు మీ పుస్తకం వుందిగా' అన్నాడు. అంతే. మళ్ళీ నన్ను లేపి చదవమన్లేదు. మొన్న చెట్టుకింద మన పెద్దాయన, 'వాళ్ళ పుస్తకం నీ ఇంట్లో ఎందుకు' అన్నాడు. నేను అదే మాట తెచ్చి నీకు వడ్డించాను."

ఆ తండ్రికి పద్దెనిమిదేళ్ళ కొడుకు ఏం చెప్పగలడు? జాషువాగారికీ యీ రెండు మాటలూ పడ్డాయని, హిందూ కథలు రాశాడని క్రైస్తవులు, కులం తక్కువవాడని పండితులు, ఇటూ అటూ ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టారని నాకు అప్పటికి తెలియదు. రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చెప్పి పొట్టపోసుకున్న ఆ మనిషి 'క్రీస్తు చరిత్ర' రాస్తే దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందనీ తెలియదు. తెలిసివుంటే అప్పుడే చెప్పేవాణ్ణి. నాన్నకి కాస్త తోడు దొరికేది.

"లోపలికెళ్ళి బైబిలు తీసుకురా," అన్నాడు. తెచ్చాను. లేవీయకాండం పదకొండో అధ్యాయం తీయమన్నాడు. తినకూడని పక్షుల జాబితా అది. హేయమైనవని పేరు పేరునా చెప్పివుంటాయి. నాన్న వేలు పెట్టి చూపించాడు. అందులో గూడబాతు వుంది. జాబితా చివర గబ్బిలమూ వుంది.

"రెండూ ఒక్క వరసలోనే వున్నాయి చూడు. ఒకదాన్ని కీర్తన రాసినాయన తీసుకున్నాడు. రెండోదాన్ని యీయన తీసుకున్నాడు," అన్నాడు.

తరువాత లేచి మొహం కడుక్కుని, అంగీ వేసుకుని, మూడు పుస్తకాలూ గుడ్డలో చుట్టి, "నేనే ఇచ్చొస్తాను," అని ఏలూరు బయలుదేరాడు. గడువు దాటినందుకు జరిమానా కట్టాడట. గ్రంథాలయంలో ఆయన పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది ఎక్కడ చదివారండీ, వంటింట్లోనా?" అని అడిగాడట. అక్కడినుంచి మా మాస్టారింటికి వెళ్ళి గంటసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. సాయంత్రం దోనె దిగుతూనే, "తెలుగే చదువుకో," అన్నాడు.

సంఘపెద్దతో ఎలా సర్దుకున్నాడో కూడా నాకు తెలియదు. కొంతకాలం ఆ ఇంటికీ మా ఇంటికీ మాటలు లేవు. మామ్మ మాత్రం వాళ్ళావిణ్ణి చేపలు కడిగే రేవులో పట్టుకుని ఏనుగు కథంతా చెప్పేసింది. యోనా ప్రవక్త కథతో కలిపి చెప్పింది కాబట్టి ఏది ఎందులోదో ఆవిడ తేల్చుకోలేకపోయింది.

మామ్మ 2004లో పోయింది. నాన్న 2019లో పోయాడు. కార్యక్రమాలయ్యాక ఆయన పెట్టె సర్దుతూంటే బైబిలు కింద ఒక 'గబ్బిలం' దొరికింది. గ్రంథాలయంది కాదు, కొన్నది. ఎప్పుడు కొన్నాడో! నాన్నకి ఒక అలవాటుండేది. ఏ భాగం మీద ప్రసంగం చేస్తే ఆ భాగం పక్కన, అంచులో, పెన్సిలుతో తేదీ, ఊరి పేరు రాసుకునేవాడు. అదే బోధ అదే ఊళ్ళో రెండోసారి చెప్పకుండా వుండడానికి. ఆయన బైబిలు అంచులన్నీ అలా నిండిపోయి వుంటాయి.

'గబ్బిలం' అంచుల్లోనూ తేదీలున్నాయి. మొదటిది 1998 డిసెంబరు 25, మా లంక పేరు. తరువాత పక్క లంకలు రెండూ. మొత్తం పదకొండు లెక్కపెట్టాను.

ఆ పుస్తకమే మొన్న ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఇంట్లో ఎవరిదని అడిగితే ఒక ఉపదేశిగారిదని చెప్పమన్నాను. అట్ట వేసుకోవచ్చుగాని పెన్సిలు రాతలు చెరపొద్దని మరీ మరీ చెప్పాను.